వెనకాలే తిరుగుతూ సర్దకండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే గోల. చిన్న పిల్లలు, చిందరవందర ఇల్లు, మధ్యలో అమ్మ. అందుకే మిగతా ప్రశ్నలు వచ్చే సంచికకు జరిపి, ఈ పేజీలు వాటికే ఇచ్చేశాను.

ప్రశ్న: అక్కా, మాది హనుమకొండలో డబుల్ బెడ్‌రూం ఫ్లాట్. బాబుకు నాలుగున్నరేళ్లు, పాపకు రెండు. నేను టీచర్‌ని. బడి నుంచి వచ్చి హాలంతా సర్దుతాను, టీ తాగి వచ్చేలోపు కథ మళ్లీ మొదటికే. బొమ్మలు, బ్లాకులు, సాక్సులు, చించిన కాగితాలు. ఎవరైనా బెల్లు కొడితే గుండె దడ. వంగీ లేచీ నడుం పోతోంది కానీ ఇల్లు ఇల్లులా లేదు. ఏం చేయాలి?

జవాబు: ముందు ఒక పని మానేయండి చెల్లీ. పిల్లలు ఆడుకుంటున్నంతసేపు వాళ్ల వెనకాలే తిరుగుతూ సర్దడం మానేయండి. అది ఏట్లో చింతపండు పిసికినట్టే. పైగా మీరు సర్దుతుంటే పాపకు అదో ఆట, అమ్మ పెడుతుంది నేను తీస్తాను అని. బుట్టలోంచి తీయడం, మళ్లీ వేయడం, మళ్లీ గుమ్మరించడం, రెండేళ్ల వయసుకు చదువంటే అదే, మిమ్మల్ని ఏడిపించాలని చేసేది కాదు. రోజుకు రెండుసార్లు సర్దితే చాలు. రాత్రి అన్నానికి ముందు పిల్లలతో కలిసి ఓ ఐదు నిమిషాలు, వాళ్లు పడుకున్నాక మీరూ మీ ఆయనా కలిసి ఓ పది నిమిషాలు. అప్పటికీ మిగిలితే లైటార్పేసి పడుకోండి, పొద్దున బడికి వెళ్లాల్సినవారు.

ఇక రెండోది. మీ ఇంట్లో బొమ్మలు ఎక్కువ. చూడకుండానే చెప్తున్నాను, ఎందుకంటే ఈ రోజుల్లో అందరిళ్లలోనూ ఎక్కువే. పుట్టినరోజులకు వచ్చినవి, జాతరలో ఏడ్చి కొనిపించుకున్నవి, బిస్కెట్ ప్యాకెట్‌తో ఫ్రీగా వచ్చినవి. 2018లో అమెరికాలో టొలీడో విశ్వవిద్యాలయం వాళ్ల పరిశోధన ఒకటి వచ్చింది. 36 మంది చిన్నపిల్లలను ఒకసారి నాలుగు బొమ్మలున్న గదిలో, ఒకసారి పదహారు బొమ్మలున్న గదిలో ఆడించి చూశారు. నాలుగే ఉన్నప్పుడు ఒక్కో బొమ్మతో ఎక్కువసేపు, రకరకాలుగా ఆడారు. పదహారు ఉన్నప్పుడు ఒకటి వదిలి ఇంకోటి పట్టుకోవడంతోనే సరిపోయింది. మీ హాల్లో రోజూ జరిగేది అదే.

కాబట్టి పిల్లలు అమ్మమ్మ ఇంటికి వెళ్లిన రోజు చూసుకుని బొమ్మలన్నీ హాలు మధ్యలో పోయండి. విరిగినవి, చక్రం ఊడినవి, బ్యాటరీ కారి తుప్పు పట్టినవి తీసి పారేయండి. వాళ్ల ఎదురుగా మాత్రం వద్దు, ఆర్నెల్ల నుంచి ముట్టని బొమ్మ కూడా చెత్తబుట్టలో కనబడగానే ప్రాణమైపోతుంది. మిగిలినవాటిని మూడు వాటాలు చేసి ఒకటి కింద ఉంచి, రెండు సంచుల్లో కట్టి సజ్జ మీదికి ఎక్కించండి. రెండు మూడు వారాలకోసారి మార్చండి. సజ్జ మీంచి దిగిన పాత బొమ్మకు కొత్తదానికున్నంత గిరాకీ ఉంటుంది, పైసా ఖర్చు లేదు. పాప పక్కలో వేసుకుని పడుకునే బొమ్మ జోలికి మాత్రం పోకండి, అది ఎంత మాసినా సరే.

బ్లాకులూ చిన్న చిన్న ముక్కలూ ఉన్నాయే, వాటికి మందు మన ఊళ్లోనే ఉంది. వరంగల్ కొత్తవాడలో నేసిన జంపఖానా ఒకటి తెచ్చుకోండి. వరంగల్ దర్రీలకు, అంటే ఈ జంపఖానాలకే, 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది గానీ, దాని కోసం కాదు, గట్టి నూలు, పిల్లలు లాగినా పీకినా తట్టుకుంటుంది. మరీ పెద్దది అక్కర్లేదు, ఇద్దరు పిల్లలు కూర్చుంటే చుట్టూ మూరెడు మిగలాలి, అంతే. ముక్కలున్న ఆట ఏదైనా జంపఖానా మీదే, దిగి నేల మీదికి రాకూడదు అని ఒక్క రూలు పెట్టండి. ఆట అయ్యాక రెండు కొసలు బాబు పట్టుకుంటాడు, రెండు మీరు. ఎత్తితే ముక్కలన్నీ మధ్యకు జారతాయి. అలాగే మోసుకెళ్లి గంపలోకి వంచేయండి. సోఫా కింద చెయ్యి పెట్టి వెతికే బాధ ఉండదు, అర్ధరాత్రి నీళ్లకు లేచి బ్లాకు మీద కాలేసి కెవ్వుమనే బాధా ఉండదు. గంపలో పడేటప్పుడు వచ్చే ఆ గలగల చప్పుడంటే పిల్లలకు ఎంత ఇష్టమంటే, దానికోసమే సర్దుదాం పద అంటారు.

సర్దించేటప్పుడు "అంతా సర్దేయండి" అనకండి. రెండేళ్ల పిల్లకు అంతా అంటే ఏంటో తెలియదు. "కార్లన్నీ ఎర్ర బుట్టలో" అంటే తెలుస్తుంది. బాబుకు రెండు మూడు రకాలు వేరుచేసి పెట్టేంత తెలివి వచ్చేసింది, వాడికి పుస్తకాల అర అప్పజెప్పండి, అది వాడి చేతికి అందే ఎత్తులో ఉండాలి మరి. మీరు టీచర్ కాబట్టి మరియా మాంటిస్సోరి పేరు వినే ఉంటారు. ఆమె 1907లో రోమ్‌లో మొదటి బడి తెరిచింది, పిల్లల ఎత్తుకు సరిపోయే కుర్చీలూ అరలే పెట్టించింది, 1939లో మద్రాసు వచ్చి ఇక్కడి టీచర్లకూ శిక్షణ ఇచ్చింది. మనం మాత్రం ఇప్పటికీ బొమ్మల డబ్బా బీరువా మీద పెట్టి, తీసిందీ పెట్టిందీ మనమే అయి, వీడు ఒక్క పనీ చేయడని తిడతాం.

బెల్లు కొట్టేవాళ్ల సంగతి సులువు. గుమ్మం దగ్గర చెప్పులు, వాళ్లు కూర్చునే సోఫా, బాత్రూం, ఈ మూడూ శుభ్రంగా ఉంటే చాలు. మిగతాది చూసి మూతి ముడిచేవాళ్లు ఎలాగూ ముడుస్తారు, వాళ్లకు టీ మాత్రం ఇచ్చి పంపండి.

ప్రశ్న: మేం కరీంనగర్‌లో కిరాయికి ఉంటున్నాం. మూడేళ్ల మా పాప హాలు గోడ మీద క్రేయాన్లతో గీసేసింది. ఓనర్ చూస్తే అడ్వాన్స్ పట్టుకుంటాడని టెన్షన్. పోతుందా?

జవాబు: గోడకు వేసిన రంగును బట్టి ఉంటుంది. కడిగినా పోని ఎమల్షన్ అయితే, తడిగుడ్డ మీద చిటికెడు వంటసోడా గానీ కాస్త తెల్ల టూత్‌పేస్ట్ గానీ వేసి మెల్లగా గుండ్రంగా రుద్దండి, మైనం వదులుతుంది. ముందు తలుపు వెనకాల మూల ఎక్కడో రుద్ది చూసుకోండి. డిస్టెంపర్ అయితే రుద్దొద్దు, గీతతో పాటు రంగూ ఊడొచ్చి ఇంకా పెద్ద మచ్చ పడుతుంది. దానికి ఖాళీ చేసే రోజు ఆ గోడకు ఒక్క కోటింగ్ వేయించడమే మార్గం, ఆ మాట ఓనర్‌కు మీరే ముందు చెప్పేస్తే గొడవ ఉండదు. క్రేయాన్ల డబ్బా మీరు ఎదురుగా కూర్చున్నప్పుడే బయటికి రావాలి. మిగతా వేళల్లో పలకా బలపం ఇవ్వండి, బాల్కనీ గచ్చు మీద సుద్దముక్కలతో గీసుకోనివ్వండి, మగ్గు నీళ్లు పోస్తే పోతుంది.

ప్రశ్న: మాది జగిత్యాల దగ్గర ఊరు. మా ఆయన దుబాయ్‌లో ఉంటాడు. వచ్చిన ప్రతిసారీ అట్టపెట్టె నిండా బొమ్మలు తెస్తాడు, లైట్లు వెలిగేవి, పాటలు పాడేవి. ఇద్దరు పిల్లలు, ఇల్లంతా అవే. తగ్గించు అంటే మనసు కష్టపెట్టుకుంటాడు. మా అత్తమ్మేమో, మేం ఐదుగురిని పెంచినం, మా ఇల్లు అద్దం లెక్క ఉండేది అంటుంది.

జవాబు: మీ అత్తమ్మ అబద్ధం చెప్పట్లేదు. అప్పటి ఇంట్లో సర్దడానికి ఏముంది చెల్లీ? గూట్లో దీపం, దండెం మీద బట్టలు, మూలకు చాప చుట్ట, బోళ్లు. పిల్లలు పొద్దంతా వాకిట్లో, చింతచెట్టు కింద, పక్కింటి అరుగు మీద. ఆడుకోవడానికి చింతగింజలు, పగిలిన కుండ పెంకులు. పైగా ఇంట్లో మరో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు ఉండేవాళ్లు ఎత్తుకోవడానికి. ఈ మాట ఆమెతో వాదనకు పెట్టొద్దు గానీ, "అత్తమ్మా, అప్పుడు పిల్లలను ఎట్ల ఆడించేవాళ్లు" అని అడిగి కూర్చోబెట్టండి. వామనగుంటలు నేర్పమనండి. ఆమె పిల్లలతో కూర్చున్నంతసేపు మీరు వంటింట్లో ఊపిరి పీల్చుకోవచ్చు.

మీ ఆయన విషయం కాస్త జాగ్రత్తగా పట్టాలి. రెండేళ్లకోసారి వచ్చే మనిషికి పిల్లల దగ్గర చనువు సంపాదించుకోవడానికి చేతిలో ఉన్నది ఆ పెట్టె ఒక్కటే, దాన్ని వద్దంటే మనసు చివుక్కుమనదా? తేవొద్దు అనకండి, ఏం తేవాలో మీరే చెప్పండి. ఈసారి ఇద్దరికీ కలిపి ఒక పెద్ద బ్లాకుల సెట్టు, ఇంకోసారి సైకిల్‌కు డబ్బు. తెచ్చినవి కూడా అన్నీ ఒకే రోజు విప్పొద్దు. సెలవు ఎన్నాళ్లుంటే అన్నాళ్లు వారానికొకటి ఆయన చేతులతోనే తీయించండి, వెళ్లిపోయాక కూడా ఒకటి రెండు దాచి వీడియో కాల్‌లో ఆయన ఎదురుగా విప్పండి. పెట్టె అదే, ఇల్లు నిండదు, సంబరం మాత్రం నెలల తరబడి నడుస్తుంది.

ఒక్క విషయంలో మాత్రం మొహమాటపడొద్దు. పాటలు పాడే, లైట్లు వెలిగే చిన్న బొమ్మల్లో చాలావాటిలో గుండ్రటి బిళ్ల బ్యాటరీలుంటాయి. పిల్లలు అది మింగి గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల కాలిపోయేంత ప్రమాదం. మన దేశంలో అమ్మే బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ మార్కు తప్పనిసరి చేశారు, దుబాయ్ నుంచి బ్యాగులో వచ్చినవాటికి ఆ మార్కు ఉంటుందన్న భరోసా లేదు. బ్యాటరీ మూతకు స్క్రూ ఉందా లేదా చూడండి. వేలితో తెరుచుకునేదైతే బ్యాటరీ తీసేసి ఇవ్వండి, పాట లేకపోయినా బొమ్మ బొమ్మే. మింగిందేమోనని అనుమానం వచ్చినా సరే వాంతి చేయించకుండా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లి ఎక్స్‌రే తీయించాలి, రేపు చూద్దాం అనొద్దు.

ప్రశ్న: వరంగల్ శివనగర్ నుంచి రాస్తున్నాను. మాకు నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. డ్రమ్ము, గంగాళం, బకెట్లు అన్నీ నింపి పెట్టుకోవాలి. ఏడాదిన్నర బాబు రోజంతా ఆ నీళ్ల దగ్గరే, మగ్గుతో పారబోస్తాడు, ఇల్లంతా తడి. ఎలా ఆపాలి?

జవాబు: తడి గురించి అడిగారు, నాకు భయం వేరే. ఏడాదిన్నర పిల్లాడికి ఒంటితో పోలిస్తే తల బరువెక్కువ. బకెట్లోకి వంగి తలకిందులుగా పడ్డాడంటే తనంతట తాను లేవలేడు, అరవనూ లేడు. రెండంగుళాల నీళ్లు చాలు ప్రాణం మీదికి రావడానికి. ఇల్లు సర్దుకునే విషయంలో నేను ఎన్నింటికో చూసీచూడనట్టు పొమ్మంటాను, ఇక్కడ మాత్రం పొమ్మనను. డ్రమ్ముకు బిగుతు మూత, దాని మీద పిల్లాడు ఎత్తలేని బరువు. గంగాళం, బకెట్లు బాత్రూంలో పెట్టి తలుపుకు పైన, వాడి చేతికి అందనంత ఎత్తులో గొళ్లెం. వాడిన బకెట్ వాడినట్టే బోర్లించాలి. ఇది మీ ఇంట్లో పెద్దవాళ్లందరికీ, బట్టలుతికే ఆమెకు కూడా చెప్పాలి.

మూతలతో ఇంకో లాభం దోమలు. డెంగీ దోమ మంచినీళ్లలోనే గుడ్లు పెడుతుంది, గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు చాలు. అందుకే శుక్రవారం డ్రై డే, అంటే నీళ్ల పాత్రలన్నీ ఖాళీ చేసి ఆరబెట్టే రోజు, పాటించమని చెప్పేది. నీళ్లు పారబోస్తే సరిపోదు, గుడ్లు పాత్ర లోపలి గోడకు అంటుకుని ఉంటాయి కాబట్టి కొబ్బరిపీచుతో రుద్ది, ఆరబెట్టి, అప్పుడు నింపండి. నల్లా వచ్చేముందు ఖాళీగా ఉన్న పాత్ర చూసుకుని వంతులవారీగా చేస్తే నీళ్లు వృథా కావు. బాబుకు నీళ్లాట మానిపించలేరు. సాయంత్రం వాకిట్లో కూర్చోబెట్టి తాంబాళంలో రెండు చెంబుల నీళ్లు పోసి ఇవ్వండి, మీరు పక్కనే కూర్చోండి, ఫోను పట్టుకుని కాదు. ఆట కాగానే ఆ నీళ్లు మొక్కలకు.

ప్రశ్న: నమస్తే మేడం. కాజీపేటలో ఉంటాను. నేను ఇంటి పనిలో సాయం చేయడం లేదని మా ఆవిడ అంటుంది. నేను బట్టలు మడతపెడితే మళ్లీ విప్పి మడతపెడుతుంది, బొమ్మలు సర్దితే అక్కడ కాదు ఇక్కడ అంటుంది. అందుకే మానేశాను. తప్పు నాదేనా?

జవాబు: సగం నీదే తమ్ముడూ. ఆ "సాయం" దగ్గరే చిక్కంతా, ఇల్లు ఆమెదైతే కదా నువ్వు సాయం చేసేది. కేంద్ర గణాంక శాఖ 2019లో దేశమంతా చేసిన సర్వేలో, ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు దానికి పెడుతున్నారని తేలింది, అంటే దాదాపు ఐదు గంటలు. మగవాళ్లు 97 నిమిషాలు. అది కూడా చేసే మగవాళ్ల లెక్క, ఆ రోజు ఇంటిపనిలో చెయ్యి పెట్టినవాళ్లే నూటికి 26 మంది. మిగతా 74 మందిలో బట్టల మడత దగ్గర అలిగి మానేసినవాళ్లు ఎందరో మరి.

మిగతా సగం ఆమెది, ఆమెకూ చదివి వినిపించు. ఒక పని ఒకరికి ఇచ్చాక వెనక నిలబడి చూడకూడదు. పనిని ముక్కలుగా కాకుండా మొత్తంగా పంచుకోండి. పిల్లల బట్టలు నీవి అనుకో, ఉతకడం నుంచి బీరువాలో పెట్టేదాకా నీవే, ఏది చిన్నదైపోయిందో, బడికి రేపు ఏ డ్రెస్సో కూడా నీ తలనొప్పే. మడత వంకరగా ఉంటే ఉండనీ, మూడేళ్ల పిల్లాడు వేసుకున్న అరగంటకే దానికి పప్పు పూస్తాడు.

ప్రశ్న: గోదావరిఖనిలో క్వార్టర్‌లో ఉంటాం. ఎంత ఊడ్చినా సాయంత్రానికి నల్లటి దుమ్ము. పాపకు తొమ్మిది నెలలు, ఇప్పుడే పాకుతోంది, అరచేతులు, మోకాళ్లు నల్లగా అవుతున్నాయి. రోజూ రెండుసార్లు ఫినాయిల్‌తో తుడుస్తున్నాను. సరిపోతుందా అక్కా?

జవాబు: ఫినాయిల్ తగ్గించండి, తడిగుడ్డ పెంచండి. దుమ్ముకు కావలసింది తడి, వాసన కాదు. పొడి చీపురుతో ఊడిస్తే సన్నటి బొగ్గుదుమ్ము పైకి లేచి గంట తర్వాత మళ్లీ అక్కడే దిగుతుంది, మధ్యలో మీరూ పాపా పీల్చుకుంటారు. చీపురు వాడేదుంటే ముందు నీళ్లు చిలకరించండి. కిటికీ అంచులు, ఫ్యాన్ రెక్కలు ముందు, నేల చివర. ఫ్యాన్ రెక్కకు పాత దిండు గలీబు తొడిగి లాగితే దుమ్మంతా సంచిలోనే పడుతుంది, మంచం మీద పడదు. మాపింగ్ నీళ్లు నల్లబడగానే మార్చాలి, లేకపోతే ఈ మూల మురికి ఆ మూలకు పూసినట్టే. పాపకు పాకడానికి ఇల్లంతా ఇవ్వక్కర్లేదు, ఒక గదిలో పెద్ద దుప్పటి పరిచి, రోజుకోటి మార్చండి. మీ ఆయన గని నుంచి వస్తే బూట్లు, డ్యూటీ బట్టలు గుమ్మం బయటే, స్నానం చేశాకే పాపను ఎత్తుకోవడం. డ్యూటీ బట్టలు పాప బట్టలతో కలిపి నానబెట్టొద్దు. పాప అరచేతులు అన్నం ముందు సబ్బుతో కడగండి, మోకాళ్లు నల్లబడితే స్నానంలో పోతాయి, దానికి దిగులొద్దు.

ఫినాయిల్, యాసిడ్, బ్లీచింగ్ ఎక్కడ పెడుతున్నారో రాయలేదు. కూల్‌డ్రింక్ సీసాలో పోసి గట్టు కింద పెట్టే అలవాటు మన దగ్గర ఇంటింటా ఉంది, పాకే పిల్ల ఉన్న ఇంట్లో అది చాలా ప్రమాదం. కొన్న సీసాలోనే ఉంచి పైఅరలో పెట్టండి. యాసిడ్, బ్లీచింగ్ కలిపి ఎప్పుడూ పోయొద్దు, క్లోరిన్ గ్యాస్ వస్తుంది, బాత్రూంలో ఊపిరాడదు. బట్టల మధ్య కలరా ఉండలు కూడా తీసేయండి, తెల్లగా పిప్పరమెంటులా కనిపిస్తాయి, కొందరు పిల్లలకు అవి రక్తకణాలను దెబ్బతీస్తాయి. ఎండిన వేపాకు చాలు. ఒకవేళ ఏదైనా తాగితే ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించే పెద్దరికం ఎవరికీ ఇవ్వకండి, 108కి ఫోన్ చేసి, ఆ సీసా చేత్తో పట్టుకుని ఆసుపత్రికి వెళ్లండి.

ప్రశ్న: పరకాల నుంచి. సద్దుల బతుకమ్మకు ఆడబిడ్డలిద్దరూ పిల్లలతో వస్తున్నారు. మా ఇద్దరితో కలిపి ఐదుగురు చిన్నపిల్లలు. రెండు రోజుల్లో ఇల్లు ఎలా సర్దాలి?

జవాబు: సర్దకండి, దాచండి. ఒక అర్ర ఖాళీ చేసుకుని పగిలేవి, పదునైనవి, మందులు, ఇస్త్రీ పెట్టె, షోకేసులోని నిర్మల్ బొమ్మలు, పెంబర్తి ఇత్తడి సామాను అన్నీ అందులో పడేసి తాళం వేయండి. మిగతా ఇల్లు పిల్లలది. చాపలు, చద్దర్లు ఒక మూలన పెట్టండి, వాళ్లే పరుచుకుంటారు. తినడం మాత్రం ఒకే చోట, వరసగా కూర్చోబెట్టి, లేకపోతే సత్తుపిండి ఇల్లంతా పడి తెల్లారేసరికి చీమల బారు. నాలుగేళ్లలోపు వాళ్లకు పల్లీలు పొడి చేసి పెట్టండి, గింజగా వద్దు, గొంతుకు అడ్డం పడతాయి.

పూలు తెచ్చాక పిల్లలను తరమొద్దు, పని చెప్పండి. తంగేడు పూలు కాడ నుంచి తుంచి పళ్లెంలో వేయడం, గునుగు ఆకులు దూయడం నాలుగైదేళ్ల పిల్లలు బ్రహ్మాండంగా చేస్తారు, గంటసేపు కిక్కురుమనరు. గునుగుకు రంగులద్దే పని మాత్రం మేడ మీద, పాత పేపర్లు పరిచి, పెద్దవాళ్లే చేయాలి. ఆ రంగు టైల్స్ సందుల్లో పడితే దీపావళికి కూడా పోదు, చంటివాళ్ల నోట్లోకి పోతే అసలే మంచిది కాదు. చెరువు కట్టకు బయల్దేరేముందు ఆడబిడ్డల్లో ఒకరిని మేడ మీదికి పంపి, రంగు డబ్బాలకు మూతలు పెట్టారో లేదో చూసి రమ్మనండి.